కాఫీ గింజలు ఇంట్లో వేయించేటప్పుడు టెంపరేచర్ మీటర్‌తో వేడిని అదుపు చేయడం ఎలా

మీ మీటర్ మీద కనిపించే 196 డిగ్రీలు, నా మీటర్ మీద కనిపించే 196 డిగ్రీలు ఒకటి కావు. ఇంట్లో కాఫీ వేయించడం మొదలుపెట్టిన కొత్తలో ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే అన్నిటికంటే ముందు చెబుతున్నాను. ప్రోబ్, అంటే మీటర్‌కు వైరుతో కలిపి గింజల్లోకి దించే వేడి కొలిచే పుల్ల, ఎంత లావుంది, గింజల్లోకి ఎంత లోతుగా దిగింది, గిన్నెలో ఎన్ని గింజలున్నాయి, వేడి గాలి ఎటువైపు నుంచి తగులుతోంది, వీటిని బట్టి అంకె అయిదు పది డిగ్రీలు తేలిగ్గా మారిపోతుంది. అందుకని వేరేవాళ్ల చార్టులోని అంకెలు పట్టుకుని మీ గింజలు దించితే ఒకసారి పచ్చిగా, ఒకసారి మాడి వస్తాయి. అలాగని మీటర్ పనికిరాదని కాదు. మీ గిన్నె, మీ ప్రోబ్, మీ గింజలతో మీరే ఒక లెక్క కట్టుకుంటే, ఆ తర్వాత ఏ బ్యాచ్ అయినా అంతకుముందు బాగా కుదిరిన బ్యాచ్‌లాగే తీసుకురావచ్చు. ఆ లెక్క కట్టుకోవడం ఎలాగో నేను చేసే పద్ధతిలోనే చెబుతాను.

సామాను

నేను వాడేది వేడి గాలి ఊదే హీట్ గన్, స్టీలు గిన్నె. హార్డ్‌వేర్ షాపుల్లో పెయింట్ ఊడగొట్టడానికి అమ్మే 1800–2000 వాట్ల గన్ సరిపోతుంది, కానీ కొత్తది కొనండి, పెయింట్ పనికి వాడినదాన్ని తిండి మీదకు తేవద్దు. ఇది 2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి ఫ్యాన్ పక్కనుండే చిన్న 6 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టకండి, గీజర్‌కో ఏసీకో ఇచ్చే 16 ఆంపియర్ల పవర్ ప్లగ్ కావాలి. సన్న వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్స్ అసలే వద్దు, వేడెక్కి కరిగిపోతుంది.

మూకుడులో గ్యాస్ మీద వేయించడం మనకు అలవాటైన పద్ధతే, కానీ అక్కడ ప్రోబ్ గింజ వేడి కంటే ఇనుము వేడినే ఎక్కువ చదువుతుంది. గన్‌తో వేడి పైనుంచి వస్తుంది, గిన్నె అడుగు గింజల కంటే విపరీతంగా వేడెక్కదు, అందుకే ఈ పద్ధతిలో అంకెలకు కాస్త అర్థం ఉంటుంది. గిన్నె మందంగా, అడుగు గుండ్రంగా ఉండాలి. నాన్‌స్టిక్ వద్దు. గన్ మూతి దగ్గర గాలి 500 డిగ్రీల దాకా పోతుంది, ఆ వేడికి ఆ పూత నుంచి విషపు పొగ వస్తుంది.

మీటర్ విషయంలో మాత్రం పిసినారితనం అక్కర్లేదు, ఎందుకంటే మంచి మీటర్ కూడా పెద్ద ఖరీదు కాదు. కె-టైప్ థర్మోకపుల్ (రెండు వేర్వేరు లోహపు తీగలు కలిపి వేడిని కొలిచే ప్రోబ్ రకం) పెట్టుకునే డిజిటల్ మీటర్ ఏదైనా చాలు. కొన్ని మల్టీమీటర్లలో కూడా ఆ సౌకర్యం ఉంటుంది. అసలు చూడాల్సింది ప్రోబ్. స్టీలు గొట్టంలో ఉండే రకం, 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల సన్నటిది తీసుకోండి. 6 మిల్లీమీటర్ల లావు ప్రోబ్ గట్టిగా ఉంటుందని షాపువాళ్లు అదే ఇస్తుంటారు, కానీ అది వేడెక్కడానికే టైమ్ పడుతుంది. లెక్క చూడండి: గింజల వేడి నిమిషానికి 20 డిగ్రీల చొప్పున ఎక్కుతున్నప్పుడు ప్రోబ్ 30 సెకన్లు వెనకబడితే, మీటర్ ఎప్పుడూ 10 డిగ్రీలు తక్కువే చూపిస్తుంది. అదే ప్రోబ్ 3 సెకన్లే వెనకబడితే తేడా ఒక్క డిగ్రీ. పైగా ఆ 10 డిగ్రీల తేడా కూడా నిలకడగా ఉండదు. వేడి ఎక్కే వేగం తగ్గినప్పుడు తేడా కూడా తగ్గుతుంది, అంటే మొదట్లో ఒక అబద్ధం, చివర్లో ఇంకో అబద్ధం.

దూరం నుంచి గురిపెట్టి చదివే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ దీనికి పనికిరాదు. అది గింజ పైపొరను, మధ్యలో కనిపించే మెరిసే స్టీలును, పైన ఎగిరే పొగను కలిపి చదువుతుంది. ల్యాబుల్లో వాడే పాదరసం థర్మామీటర్ జోలికి అసలు పోకండి, గిన్నెలో పగిలితే ఆ గింజలే కాదు, ఆ గదే ప్రమాదం.

ముందు మీటర్‌ని పరీక్షించండి

ఒక గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, మునిగేంత నీళ్లు పోసి, రెండు నిమిషాలు కలిపి ప్రోబ్ ముంచండి. సున్నా దగ్గర ఆగాలి. ఒకటి రెండు డిగ్రీల తేడా పర్వాలేదు, ఎంత తేడానో రాసుకోండి. తర్వాత మరిగే నీళ్లలో, గిన్నె అడుక్కి తగలకుండా పెట్టండి. ఇక్కడ ఊరిని బట్టి అంకె మారుతుంది. విశాఖలో సముద్రం పక్కన 100 రావాలి, హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి 98 చిల్లర వస్తుంది, బెంగళూరులో ఉండేవాళ్లకు 97 దగ్గర. హైదరాబాద్‌లో మీటర్ 98 చూపిస్తే అది పాడైందనుకుని వెనక్కి పంపకండి, అది సరిగ్గానే చెబుతోంది.

వేడి చేస్తుంటే అంకె పెరగాల్సింది పోయి తగ్గుతోందంటే, ప్రోబ్ వైర్లు రెండూ తారుమారుగా బిగించారని అర్థం. విప్పి మార్చి పెట్టండి.

ప్రోబ్ ఎక్కడ పెట్టాలి

పని మొత్తంలో ఎక్కువ ఫలితం ఇచ్చే అరగంట ఇదే. ప్రోబ్ కొన గింజల గుట్ట మధ్యలో పూర్తిగా మునిగి ఉండాలి, గిన్నె గోడకీ అడుక్కీ తగలకూడదు, గన్ గాలి నేరుగా దాని మీద పడకూడదు. ఈ మూడింటిలో ఒకటి తప్పినా మీరు చదివేది గింజల వేడి కాదు.

నేను గిన్నె గోడకు అడుగు నుంచి రెండు వేళ్ల ఎత్తులో చిన్న రంధ్రం వేయించాను, స్టీలు సామాన్లకు పేర్లు చెక్కే షాపులోనో వెల్డింగ్ షాపులోనో రెండు నిమిషాల పని. ప్రోబ్ దాంట్లోంచి లోపలికి వచ్చి, కొన గోడకు ఒకటిన్నర సెంటీమీటర్ల దూరంలో ఆగుతుంది. గిన్నెను బిందెల కింద పెట్టే ఇనుప కుదురు మీద కొంచెం ఆ వైపుకు వాల్చి పెడతాను, అప్పుడు గింజలన్నీ ప్రోబ్ మీదకు జారి గుట్టగా నిలుస్తాయి. చెక్క గరిటెతో కలిపేది, గన్ తిప్పేది అవతలి వైపు.

బ్యాచ్ ఎప్పుడూ ఒకే బరువు ఉండాలి. నాది 250 గ్రాములు. ఒకరోజు ఇంట్లో మిగిలిన 150 గ్రాములు ఉన్నాయి కదా అని అవే వేశాను, గింజలు తక్కువై ప్రోబ్ కొన సగం బయటికి తేలింది, ఎగిరే వేడి గాలి తగిలి మీటర్ అయిదు నిమిషాలకే 200 దాటింది. చెవికి ఒక్క చప్పుడు కూడా వినిపించలేదు, అయినా అంకెను నమ్మి దించేశాను. చల్లారాక ఒక గింజను పళ్ల మధ్య పెట్టి కొరికితే రాయిలా ఉంది, లోపల పచ్చిగడ్డి వాసన. ఆ గింజలు పారబోయాల్సి వచ్చింది. అరకులోనో చిక్కమగళూరులోనో ఒక మనిషి చెట్టు చెట్టుకూ తిరిగి పండిన పళ్లు మాత్రమే ఏరి కోసినవి అవి, అలా పారబోస్తుంటే మనసుకు చాలా కష్టమనిపించింది. అప్పటి నుంచి తూకం వేయకుండా గిన్నెలో గింజ వేయను.

మొదటి మూడు బ్యాచ్‌లు: అదుపు చేయకండి, రాసుకోండి

ఒకే రకం గింజలు కిలో తెచ్చుకోండి. మన దగ్గరివాళ్లకు అరకు అరబికా మంచి మొదలు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల మీద సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య పెరిగే ఈ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పల్పు తీసి కడిగి ఆరబెట్టిన రకం, అంటే పార్చ్‌మెంట్ కాఫీ అడగండి. పండుతోనే ఎండబెట్టిన చెర్రీ రకం రుచిగానే ఉంటుంది కానీ, దాంట్లో గింజ గింజకూ తేడా ఎక్కువ, పొట్టు ఎక్కువ, త్వరగా అంటుకుంటుంది, నేర్చుకునేటప్పుడు అది మిమ్మల్ని గందరగోళపెడుతుంది. వేయించే ముందు చాటలో పోసి నల్లవి, విరిగినవి, పురుగు తిన్నవి ఏరేయండి.

ఇప్పుడు ఫోన్‌ను స్టాండ్‌కు పెట్టి, మీటరూ గిన్నే రెండూ కనపడేలా వీడియో పెట్టండి. చేతులు రెండూ గన్‌తో గరిటెతో బిజీగా ఉంటాయి, అంకెలు రాసుకునే తీరిక ఉండదు, పైగా వీడియోలో చప్పుడు కూడా రికార్డవుతుంది. తర్వాత కూర్చుని ప్రతి 30 సెకన్లకు మీటర్ ఎంత చూపించిందో నోట్‌బుక్‌లో రాయండి. కంప్యూటర్‌కు కలిపే మీటర్ ఉంటే ఆర్టిసాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ అంకెలన్నీ తనే రాసుకుని గీతగా గీసి పెడుతుంది, చాలా మంచిది, కానీ మొదటి కొన్ని బ్యాచ్‌లు చేత్తో రాస్తేనే అంకెలు బుర్రకెక్కుతాయని నా గట్టి అభిప్రాయం.

రాసేటప్పుడు నాలుగు ఘట్టాలు గుర్తు పెట్టండి, వాటి పక్కన ఆ క్షణంలో మీటర్ చూపించిన అంకె. ఇవే మీ మైలురాళ్లు.

మొదటిది, అంకె పడిపోయి మళ్లీ ఎక్కడం మొదలయ్యే చోటు. ముందే వేడెక్కిన గిన్నెలో చల్లటి గింజలు వేయగానే మీటర్ 120 నుంచి 80 దాకా జారి, నిమిషానికి అటూఇటుగా మళ్లీ ఎక్కుతుంది. ఈ జారడం చూసి గింజలు చల్లబడుతున్నాయనుకోకండి, గింజ వేసిన క్షణం నుంచీ వేడెక్కుతూనే ఉంది, చల్లబడుతున్నది ప్రోబ్ మాత్రమే. గింజా ప్రోబూ రెండూ ఒకే వేడికి చేరే దాకా, అంటే మొదటి నిమిషంన్నర, మీటర్ మాటను పట్టించుకోనవసరం లేదు.

రెండోది, గింజలన్నీ ఆకుపచ్చ పోయి పసుపు రంగుకు తిరగడం. తడి గోనెసంచి, పచ్చిగడ్డి వాసన పోయి, పేలాలు వేయిస్తున్నప్పుడు వచ్చే కమ్మటి వాసన మొదలవుతుంది. చాలా మీటర్లలో ఇది 150 దగ్గర.

మూడోది ఫస్ట్ క్రాక్. గింజ లోపలి ఆవిరి, గ్యాస్ ఒత్తిడి పెరిగి గింజ పగిలే చప్పుడు, జొన్నలు పేలినట్టు టప్, టప్ అని విడివిడిగా. ఒకటి రెండు గింజలు తొందరపడి పేలితే లెక్కపెట్టకండి, వరసగా పేలడం మొదలైనప్పుడు రాయండి. సాధారణంగా ఇది 196 ప్రాంతం అంటారు, మీకు 190 రావచ్చు, 204 రావచ్చు. ఎంత వచ్చినా తప్పేమీ లేదు, మూడు బ్యాచ్‌ల్లోనూ రెండు డిగ్రీల తేడాలోపు అదే అంకె వస్తే మీ ప్రోబ్ సరైన చోట ఉన్నట్టే. ఒకసారి 192, ఇంకోసారి 203 వస్తే ప్రోబ్ చోటు మార్చండి, అది కుదిరే దాకా ముందుకు పోవద్దు.

నాలుగోది సెకండ్ క్రాక్. తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు సన్నగా, వేగంగా ఉంటుంది, 225 దగ్గర. దీని దాకా పోవాలని కాదు, నేర్చుకునే మూడు బ్యాచ్‌ల్లో ఒక్కదాన్ని అక్కడి దాకా తీసుకెళ్లి మీ మీటర్ మీద ఆ అంకె ఎంతో తెలుసుకోండి. పొగ బాగా వస్తుంది, బాల్కనీలోనే చేయండి.

అసలు అదుపు: అంకె కాదు, అంకె ఎక్కే వేగం

నోట్‌బుక్‌లో ఒక అంకెలోంచి 30 సెకన్ల కిందటి అంకెను తీసేసి, రెండుతో గుణించండి. నిమిషానికి ఎన్ని డిగ్రీలు ఎక్కుతోందో వస్తుంది. దీన్నే రేట్ ఆఫ్ రైజ్ అంటారు, నేను వేగం అనే రాస్తాను. మీటర్ తేడా ఎంతున్నా ఈ వేగం మాత్రం పెద్దగా అబద్ధం చెప్పదు, ఎందుకంటే మీటర్ ఎప్పుడూ అయిదు డిగ్రీలు తక్కువ చూపిస్తున్నా, తీసివేతలో ఆ అయిదూ కొట్టేసుకుపోతాయి.

మీరు చూడాల్సింది ఒక్కటే: ఆ వేగం మొదట్లో ఎక్కువగా ఉండి, చివరి దాకా కొంచెం కొంచెంగా తగ్గుతూ రావాలి. మధ్యలో పెరగకూడదు, మధ్యలో సున్నాకు పడిపోకూడదు. నాకు బాగా కుదిరే బ్యాచ్ ఇలా నడుస్తుంది. మొదటి నిమిషానికి 80, అక్కడి నుంచి నిమిషానికి 20 చొప్పున ఎక్కి నాలుగున్నర నిమిషాలకు 150. ఆ తర్వాత ప్రతి అర నిమిషానికి 157, 163, 169, 175, 181, 186, 191, 196. అంటే నిమిషానికి 14తో మొదలై 10కి దిగింది, ఎనిమిదిన్నర నిమిషాలకు క్రాక్. అక్కడి నుంచి నిమిషానికి 7 చొప్పున ఇంకో నిమిషం ముప్పావు, 208 దగ్గర దించడం. మొత్తం పదింబావు నిమిషాలు. ఇవి నా గిన్నె అంకెలు, మీరు తీసుకోవాల్సింది వీటి తీరు మాత్రమే.

వేగాన్ని మార్చే పగ్గం గన్‌కీ గింజలకీ మధ్య దూరం. నేను 8 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టి, పసుపు రంగు రాగానే 10కి, క్రాక్ ముందు 12కి, తర్వాత 14కి జరుపుతాను. గన్ పక్కన ఒక చెక్క స్కేలు నిలబెట్టి గుర్తులు పెట్టుకుంటే అందాజా అక్కర్లేదు. గన్ మీదున్న హై, లో స్విచ్ మధ్యలో మార్చకండి, అది ఒక్కసారిగా సగం వేడి లాగేస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపడేది ఏంటంటే, గన్ జరిపిన వెంటనే మీటర్‌లో మార్పు కనిపించాలనుకుంటారు. గింజకు వేడి చేరి, దాన్నుంచి ప్రోబ్‌కు చేరి, అది అంకెగా కనపడటానికి 20–30 సెకన్లు పడుతుంది. కనపడలేదని ఇంకొంచెం జరుపుతారు, అప్పటికి మొదటిది, రెండోది కలిసి వచ్చి పడతాయి, వేగం ఒక్కసారిగా కూలిపోతుంది, దాన్ని లేపడానికి గన్‌ను మళ్లీ దగ్గరికి తెస్తారు. నోట్‌బుక్‌లో ఆ బ్యాచ్ గీత గీస్తే కొండలు లోయల్లా ఉంటుంది. ఒకసారి జరిపితే అర నిమిషం ఆగి, అప్పుడు చూసి, తర్వాతే ఇంకో మార్పు చేయండి. 190 దగ్గర మీకు కావలసిన వేగం కోసం 180 దగ్గరే చేయి కదపాలి.

ఒక చిన్న మాట కరెంటు గురించి. హీటర్ శక్తి వోల్టేజీ వర్గాన్ని, అంటే వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని, బట్టి ఉంటుంది, కాబట్టి 230 వోల్టులు రావాల్సిన చోట 207 వస్తే, అంటే పదో వంతు తగ్గితే, వేడి దాదాపు అయిదో వంతు తగ్గిపోతుంది. సాయంత్రం వీధిలో ఏసీలన్నీ నడిచే టైమ్‌లో వేయిస్తే పొద్దున వేయించినట్టు రాకపోవడానికి అదే కారణం. అప్పుడు గన్‌ను ఒకటి రెండు సెంటీమీటర్లు దగ్గరికి తెచ్చి, అదే వేగం వచ్చేలా చూసుకోండి. దూరం ఎంతన్నది కాదు, వేగం ఎంతన్నదే మీ గురి. డిసెంబరు చలికీ మే ఎండకీ కూడా ఇంతే.

క్రాక్ దగ్గర భయపడకండి

ఫస్ట్ క్రాక్ మొదలవగానే గింజల్లోంచి ఆవిరి ఒక్కసారిగా బయటికి వస్తుంది, అది ప్రోబ్ చుట్టూ ఉన్న వేడిని లాగేస్తుంది, మీటర్ ఎక్కడం ఆగినట్టు, కొన్నిసార్లు ఒక డిగ్రీ తగ్గినట్టు కూడా కనిపిస్తుంది. ఇది చూసి టెన్షన్ పడి గన్ దగ్గరికి తెచ్చారో, అర నిమిషం తర్వాత ఆవిరి అయిపోయి, గింజ లోపలి మార్పుల వల్ల పుట్టే వేడి, మీరు తెచ్చిన వేడి కలిసి వేగం పైకి ఎగురుతుంది. కప్పులో అది పొగ వాసనగా, నాలుక చివర గీరుకుపోయే చేదుగా తెలుస్తుంది. కాబట్టి క్రాక్‌లోకి వెళ్లేటప్పటికే వేగం 9–10కి వచ్చి ఉండాలి, క్రాక్ మొదలయ్యాక గన్‌ను ఒక్కసారి, కొంచెం మాత్రం వెనక్కి జరిపి, అక్కడే నిలపండి, గరిటె మాత్రం ఆపకండి.

మరీ ఎక్కువ వెనక్కి జరిపినా చేటే. క్రాక్ తర్వాత అంకె నిమిషం పాటు కదలకుండా ఉండిపోతే గింజ వేగదు, ఉడికినట్టవుతుంది. చూడటానికి రంగు బాగానే ఉంటుంది, తాగితే చప్పగా, పాత బ్రెడ్డులా, కాఫీలో ప్రాణం లేనట్టు. నిమిషానికి కనీసం నాలుగైదు డిగ్రీలు ఎక్కుతూ ఉండాలి.

ఎక్కడ దించాలన్నది మీరు కాఫీ ఎలా తాగుతారన్న దాన్ని బట్టి. మొత్తం సమయంలో క్రాక్ తర్వాతి భాగం 15 నుంచి 20 శాతం ఉండేలా చూసుకోండి. నా బ్యాచ్‌లో 615 సెకన్లకు 105, అంటే 17 శాతం. పాలు లేకుండా తాగేవాళ్లు క్రాక్ అంకె మీద 8–10 డిగ్రీలకు దించేయొచ్చు. స్టీలు ఫిల్టర్లో డికాక్షన్ తీసి చిక్కటి పాలు పోసుకునేవాళ్లకు గింజ అంత మాత్రం వేగితే చాలదు, పాలల్లో పుల్లగా తేలుతుంది, 18–20 డిగ్రీలు మీదకు, సెకండ్ క్రాక్‌కు కొంచెం ముందు దాకా పోనివ్వండి. చికోరీ కలుపుకునే అలవాటుంటే పొడి కొట్టాక కలుపుకోండి, గిన్నెలో గింజలతో పాటు వేయకండి.

సెకండ్ క్రాక్ దాటి ముందుకు పోవద్దని నా సలహా. 230 పైన పొట్టు అంటుకునే ప్రమాదం ఉంది. ఒకవేళ మంట కనిపిస్తే గన్ ఆపి, ప్లగ్ తీసి, గిన్నె మీద స్టీలు మూత బోర్లించండి, గాలి అందక ఆరిపోతుంది. నీళ్లు పోయకండి. ఆ మూత ప్రతిసారీ చేతికందేలా పక్కన పెట్టుకునే గన్ ఆన్ చేయండి.

దించడం, చల్లార్చడం

గన్ ఆపినంత మాత్రాన వేగడం ఆగదు, గింజ లోపలి వేడితో అది సాగుతూనే ఉంటుంది. అందుకని మీకు కావలసిన అంకెకు ఒకటి రెండు డిగ్రీల ముందే గిన్నెలోంచి వంచేయండి. పెద్ద రంధ్రాల స్టీలు జల్లెడలు రెండు తీసుకుని, టేబుల్ ఫ్యాన్ ముందు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోస్తూ ఉంటే పొట్టూ ఎగిరిపోతుంది, గింజలూ చల్లబడతాయి. చాటలో చెరగడం వచ్చినవాళ్లుంటే ఇంకా మేలు, పొట్టంతా శుభ్రంగా పోతుంది, కానీ వెదురు చాటలో వెంటనే పోయకండి, కొంచెం చల్లారాక పోయండి. నాలుగు నిమిషాల్లోపు చేతితో పట్టుకోగలిగేంత చల్లబడాలి.

ఇప్పుడు తూకం వేయండి. మీటర్ మీద అనుమానం వచ్చినప్పుడు నేను నమ్మే సాక్షి తక్కెడే. 250 గ్రాములు వేస్తే 213 వచ్చిందనుకోండి, 15 శాతం పోయింది, మధ్యస్థంగా వేగింది. 220 దాటి మిగిలితే లేతగా వేగినట్టు, 205 కన్నా తగ్గితే ముదురుగా వేగినట్టు. మీటర్ గత వారం లాగే 208 చూపించినా తూకం ఏడెనిమిది గ్రాములు తేడా వస్తే ప్రోబ్ కదిలింది, లేదా గింజల తేమ మారింది. వానాకాలంలో పచ్చి గింజలు మూత సరిగా లేని డబ్బాలో ఉంటే గాలిలో తేమ పీల్చుకుంటాయి, అలాంటి వాటికి పసుపు రంగు రావడానికే అర నిమిషం, నిమిషం ఎక్కువ పడుతుంది.

గింజ మార్చినప్పుడు

అరకు లెక్క కుదిరాక ఇంకో రకం తెస్తే పాత అంకెలు అలాగే వాడకండి. పీబెర్రీ, అంటే పండులో రెండు గింజలకు బదులు ఒక్కటే ఉండే రకం, గుండ్రంగా ఉండి దొర్లుతుంది, సమంగా వేగుతుంది, దాంతో నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు. రోబస్టాలో క్రాక్ చప్పుడు మెల్లగా ఉంటుంది, ఫ్యాన్ హోరులో వినపడకపోవచ్చు, వేగం ఒక్కసారి మందగించడం చూసి పట్టుకోవాలి. అసలు తికమక పెట్టేది మాన్సూన్డ్ మలబార్. పచ్చి గింజలను కావాలనే వానాకాలపు తేమ గాలికి ఉంచి తయారుచేసే రకం ఇది, ఆ గాలికి ఉబ్బి, వేయించక ముందే లేత పసుపు రంగులో ఉంటుంది కాబట్టి పసుపు ఘట్టాన్ని కంటితో పట్టుకోలేరు. అక్కడ మీ పాత బ్యాచ్‌లలో రాసుకున్న 150 అంకె, ముక్కుకు తగిలే పేలాల వాసన, ఈ రెండే ఆధారం. ఈ గింజ మెత్తన కూడా, మొదట్లో గన్‌ను రెండు సెంటీమీటర్లు దూరంగా పెట్టి మొదలుపెట్టండి.

వేయించిన రోజే రుచి చూసి తీర్పు ఇవ్వకండి. గింజల్లోంచి గ్యాస్ పోవాలి, మూడు నాలుగు రోజులు డబ్బాలో ఉంచి అప్పుడు పొడి కొట్టండి. రుచి పుల్లగా, పల్లీల్లా పచ్చిగా అనిపిస్తే తర్వాతి బ్యాచ్‌లో రెండు మూడు డిగ్రీలు మీదకు తీసుకెళ్లండి. పైన నల్లగా ఉండి పొడి మాత్రం లేత రంగులో ఉంటే మొదటి నాలుగు నిమిషాల వేగం ఎక్కువైంది, గన్‌ను దూరం జరపండి. చప్పగా ఉంటే పసుపుకీ క్రాక్‌కీ మధ్య మరీ సాగదీశారు. ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి, రెండు మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. ఆ బ్యాచ్ అంకెల పక్కనే గింజ పేరు, తూకం, ఆ రోజు వాతావరణం, మీరూ ఇంట్లోవాళ్లూ తాగి చెప్పిన మాట రాసి పెట్టుకుని, వచ్చే ఆదివారం గన్ ప్లగ్‌లో పెట్టే ముందు ఆ పేజీ తెరిచి ఎదురుగా పెట్టుకోండి.